మెడలో విజిల్

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె మెడలో నల్లపూసలతో పాటు ఒక విజిల్ వేలాడుతోంది. దారిలో గట్టిగా ఉరిమింది. రోడ్డు పక్క పత్తిచేలో పనిచేస్తున్న ఆడవాళ్లు వేపచెట్టు కిందికి పరుగెత్తారు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి విజిల్ ఊదింది. డ్రైవర్ ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

"ఏందమ్మా ఈ పరేషాన్?" అని కండక్టర్ కసిరాడు.

ఆమె పట్టించుకోలేదు. "చెట్టు కిందికెల్లి బయటికి రాండ్రమ్మా! పిడుగు పడ్తది!" అని అరిచింది.

మాట అందలేదేమో, వాళ్లు నవ్వుతూ చేతులూపారు. బస్సు కదిలింది.

"పోయినేడు మా చెల్లె గిట్లనే ఉరికింది సార్," అంది నాతో. "వద్దని మొత్తుకున్న. గాలికి నా గొంతు ఇనవడలే. ఆ చెట్టు మీదనే పిడుగు పడ్డది. గప్పటిసంది ఇది మెడలేసుకున్న. ఇప్పుడైతే కూలి మాట్లాడకముందే, ఉరిమితే మా గుంపు పోనీకి స్లాబు రూము యాడుందని రైతును అడుగుత."

చెట్టు కనబడినంతసేపూ ఆమె వెనక్కే చూసింది. తర్వాత విజిల్‌ని కొంగుతో కప్పుకుంది.

ఆ రోజు ఆ చెట్టు కింద ఏమైందో నాకు తెలియదు. ఎక్కడ ఉరిమినా, నవ్వుతూ చేతులూపిన ఆ ఆడవాళ్లే కళ్లముందుకొస్తారు.