ఫిర్మిన్ ముందుపళ్ళు

మంగళవారం వచ్చిందంటే ఓదిల్ రొట్టెలో జున్ను పెట్టి మొగుడి సంచిలో వేసేది. ఆయన దిజోన్ పట్నంలోని పాత రికార్డుల ఆఫీసుకు వెళ్ళేవాడు. ఆయన చనిపోయాక ఆ రొట్టె కట్టుకుని తనే వెళుతోంది. ఆయన కళ్ళజోడే పెట్టుకుంటుంది. నెపోలియన్ వెంట రష్యా మంచులో నడిచిన తాతలనాటి పూర్వీకుడు ఫిర్మిన్ గురించి ఆయన చెప్పని రోజు లేదు. ఊళ్ళో కొత్తగా చెక్కించే సైనికుల రాతిపలకకు ఆ పేరు ఇచ్చిందీ ఆయనే. ఆ పేరు కోసం పదకొండేళ్ళపాటు సైన్యంలో చేరినవాళ్ళ పుస్తకాలే వెతికాడు. సైన్యానికి పనికిరారని వెనక్కి పంపినవాళ్ళ పుస్తకం ఓదిల్ తెరిచింది. ఫిర్మిన్ అందులో ఉన్నాడు: "ముందుపళ్ళు నాలుగూ లేవు. తూటా కాగితం కొరకలేడు."

"అప్పట్లో తూటా కాగితం పళ్ళతో చింపి తుపాకీలో మందు పోయాలి కదా. యుద్ధానికి పోకుండా కమ్మరి దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళులెండమ్మా," అంది ఆఫీసావిడ.

సాయంత్రం సంగతి విని మరిది గాస్తోం పొట్ట పట్టుకుని నవ్వాడు. "వీరుల వంశమన్నాడు అన్నయ్య. బోసినోటి వంశం వదినా మాది. శుక్రవారం రాయి చెక్కుతారు. ఆలోపు పేరు తీసెయ్యమని చీటీ రాసిచ్చెయ్."

"ఆ పళ్ళే ఉంటే నువ్వూ లేవు, మీ అన్నా లేడు," అంది ఓదిల్, అతనికి సూపు వడ్డిస్తూ.

శుక్రవారం పొద్దున ఆమె గిన్నెలు తోమింది, కోళ్ళకు గింజలు వేసింది, కిటికీలు తుడిచింది. చీటీ మాత్రం రాయలేదు.