పాపికొండల లాంచీలో రెండు కాఫీలు

1999 శీతాకాలం. రాజమండ్రి నుంచి పాపికొండలకు వెళ్లే ఒక ప్రైవేటు లాంచీలో నేను కేటరింగ్ ఇన్‌చార్జిని. పొద్దున్నే ఘాటు దగ్గర బయలుదేరి, గండి పోచమ్మ గుడి దగ్గర కాసేపు ఆగి, దేవీపట్నం దాటి, కొండల మధ్య పేరంటాలపల్లి దాకా వెళ్లి, చీకటి పడే వేళకు తిరిగి వచ్చేవాళ్లం. టిఫిను, భోజనం, రెండుసార్లు కాఫీ, సాయంత్రం ఏదో ఒక చిరుతిండి నా బాధ్యత. అన్నీ టికెట్టులోనే కలిసి ఉండేవి. దాన్ని ప్యాకేజీ అంటారు.

అంతకుముందు నేను రైల్వేస్టేషను దగ్గర ఒక కాఫీ హోటల్లో చాలా ఏళ్లు పనిచేశాను. నా చేతి కాఫీ కోసమే అటు తిరిగి వచ్చేవాళ్లు ఉండేవారు. హోటలు మూతపడ్డాక లాంచీలో చేరాను. ఇక్కడి పద్ధతి వేరు. ఓనరు గారు మనిషికి ఇంత అని ఒక రేటు కట్టి ఇస్తారు. తలసరి అంటాం. బియ్యం, నూనె, గ్యాసు, కూరలు, పాలు అన్నీ అందులోంచే రావాలి. అందుకని కాఫీపొడిలో చికోరి ఎక్కువ వేయించేవాణ్ణి. చికోరి ఒక రకం వేరు. వేయించి పొడి చేసి కలిపితే రంగు వస్తుంది, చిక్కదనం వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. కాఫీ రుచి మాత్రం రాదు. పాలల్లో డికాక్షనూ పంచదారా పొద్దున్నే కలిపేసి పెద్ద స్టీలు డ్రమ్ములో పోసి, కింద సన్నటి సెగ పెట్టేవాళ్లం. మధ్యాహ్నానికి అది కాగి కాగి ఏదో ఒక వేడి ద్రవంగా మిగిలేది. గ్లాసు మాత్రం పెద్దది. నిండా పోసేవాళ్లం.

ఆ ఏడు దసరాకు ఓనరు గారు పై డెక్కు మీద, అంటే కుర్చీలు వేసి ఉండే పై అంతస్తులో, ఒక మూల ప్రకాశరావు అనే అతనికి కౌంటరు ఇచ్చారు. ఫిల్టరు కాఫీ, అయిదు రూపాయలు. టికెట్టుతో సంబంధం లేదు. నాకంటే బాగా చిన్నవాడు. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. ఇత్తడి ఫిల్టరులో ఎప్పటికప్పుడు కొత్త డికాక్షను దించేవాడు. ఘాటు దగ్గరా, మళ్లీ దేవీపట్నంలోనూ అతని కోసం ఎవరో గేదెపాలు తెచ్చి ఒడ్డున నిలబడేవారు. ఒకరోజు బాగోగులు చూసే నెపంతో పైకి వెళ్లి తాగాను. ఒక గుక్క చాలు. ఆ రోజంతా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అసూయ అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసనుకునేవాణ్ణి. అది రోజూ చేసే పని మధ్యలో ఉంటుందని తెలియదు. జనం మెట్లు దిగుతూ కాఫీ గురించి చెప్పుకుంటుంటే నేను పెరుగు వడ్డిస్తూ వినేవాణ్ణి. కింద కుర్చీల పక్కన సగం తాగి వదిలేసిన నా గ్లాసులు ఏరుకునేవాణ్ణి. అతని గ్లాసుల్లో నురగ తప్ప ఏమీ మిగిలేది కాదు. అతనికి ధర కట్టుకునే స్వేచ్ఛ ఉంది, నాకు తలసరి ఉంది, ఆ తేడా లేకపోతే నేనేమిటో చూపించేవాణ్ణి అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

డిసెంబరులో ఓనరు గారు పిలిచి, కొత్త సంవత్సరం నుంచి టికెట్టులో కాఫీ తీసేద్దామనుకుంటున్నానన్నారు. ఎవరూ తాగడం లేదు కదా, కావలసినవాళ్లు పైన కొనుక్కుంటారు అన్నారు. భోజనం పెట్టి కాఫీకి డబ్బులు అడిగితే మన జిల్లాలవాళ్లు ఊరుకోరని చెప్పాను. నెలాఖరు దాకా చూద్దామన్నారు. నా భయం వేరు. కాఫీ పోతే ఆ లాంచీలో నేను అన్నం, సాంబారు వండించే మనిషిని మాత్రమే.

ఆ నెలలోనే భీమవరం దగ్గరి ఒక రాజుగారు లాంచీ మొత్తం మాట్లాడుకున్నారు. రొయ్యల చెరువులున్న మనిషి. అమ్మాయి పెళ్లి అయి కొద్దిరోజులే అయింది. తణుకు నుంచి వియ్యాలవారిని తీసుకువస్తున్నారు. బేరం కుదిరాక నన్ను పక్కకు పిలిచారు.

"ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వాళ్లలో ఒక్కరి చెయ్యి కూడా జేబులోకి వెళ్లకూడదండి. అంతా ఇందులో వచ్చేసినట్టేనా?"

వచ్చేసినట్టేనని చెప్పాను. నా వరకు అది నిజం. పైనున్న కౌంటరును నేను లాంచీలో భాగంగా లెక్కపెట్టేవాణ్ణి కాదు.

ఆ రోజు నా భార్య సుభద్ర కూడా వచ్చింది. పెళ్లివారు, పెద్ద పార్టీలు ఉన్నప్పుడు ఆడవాళ్ల వైపు వడ్డనకు సాయం వచ్చేది. ఆమె ఇప్పుడు లేదు. పోయాకే ఇలాంటివి రాయడం మొదలుపెట్టాను.

లాంచీ కదిలి ఘాటు ఇంకా కనిపిస్తూ ఉండగా నేను వంటగది గుమ్మంలోంచి పైకి చూశాను. మెట్ల చివర కౌంటరు ముందు సుభద్ర నిలబడి ఉంది. బొడ్డున దోపుకున్న చిన్న పర్సు తీసి అయిదు రూపాయల నోటు ఇచ్చింది. ప్రకాశరావు ఆ నోటు కళ్లకద్దుకుని పెట్టెలో వేశాడు. ఆ రోజు అతని బోణీ అది. ఆమె అటు తిరిగి నిలబడి తాగింది. నేను లోపలికి వచ్చి ఇడ్లీ రేకులు దించాను.

టిఫిన్లయ్యాక నా కాఫీ వెళ్లింది. తణుకు వియ్యంకుడు గారు ఒక గుక్క తాగి గ్లాసు కిటికీలో పెట్టారు. కాసేపటికి వాసన పట్టుకుని పైకి వెళ్లారు. తన తమ్ముణ్ణీ బావమరిదినీ కూడా తీసుకువెళ్లారు. ప్రకాశరావు అందరికీ చెప్పినట్టే ఆయనకూ ధర చెప్పాడు. ఆయన ముగ్గురికీ డబ్బులిచ్చి, కిందికి దిగి, జనం మధ్య కూర్చున్న రాజుగారితో అన్నారు.

"బావగారూ, మీ లాంచీలో కాఫీ మహా బాగుందండి. అయిదు రూపాయలిచ్చినా దండగ లేదు. మావాళ్లకి కూడా నేనే ఇప్పించాను."

తణుకువాళ్లు నవ్వారు. రాజుగారు కూడా నవ్వారు. కాసేపాగి వంటగది దగ్గరికి వచ్చారు. గొంతు పెంచలేదు.

"ఏంటండీ ఇది. అంతా వచ్చేసినట్టేనన్నారు కదా."

పై కౌంటరు వేరే వాళ్లదని చెప్పబోయాను.

"ఎవరిదైతే ఏంటండీ. రేపు ఏ శుభకార్యంలో కలిసినా ఆయన ఇదే చెబుతారు. రాజుగారు పిలిస్తే చిల్లర పట్టుకెళ్లండి, కాఫీకి పనికొస్తుంది అంటారు. నేను పడతాను, పర్లేదు. మా అమ్మాయి ఆ ఇంట్లో కూర్చుని వినాలి."

నేను వెంటనే పైకి వెళ్లాను. మెట్లు ఎక్కుతున్నప్పుడు నాకు హుషారుగానే ఉంది. ప్రకాశరావుకు జరిగింది చెప్పి, ఆ పదిహేను రూపాయలు వెనక్కి ఇచ్చెయ్యమన్నాను.

అతను గ్లాసులు కడుగుతూ విన్నాడు. "వెనక్కి ఇవ్వకూడదండి గురువుగారూ. ఇప్పుడైతే ఆయన నవ్వుతున్నారు. వెనక్కిస్తే కోపం వస్తుంది."

మరేం చేస్తావంటే చూద్దామన్నాడు. పిల్లనిచ్చినవారు ఎవరు, తీసుకున్నవారు ఎవరు, ఏ ఊరు అని మాత్రం అడిగాడు. అతనికి ఏమీ తోచలేదనుకున్నాను. సాయంత్రానికి సంగతి ఓనరు గారి చెవిన పడుతుంది, కౌంటరు ఎత్తేస్తారు, నా కాఫీ నిలుస్తుంది అని లెక్క వేసుకుంటూ భోజనాలు పెట్టించాను.

పేరంటాలపల్లి నుంచి లాంచీ వెనక్కి తిరిగాక రెండో కాఫీ వేళయింది. నేను డ్రమ్ము మూత మీద చెయ్యి వెయ్యబోతుంటే ప్రకాశరావు ధర రాసిన బోర్డు తీసేసి, ఫిల్టరూ పాలగిన్నే పట్టుకుని కింది హాల్లోకి వచ్చాడు. మొదటి గ్లాసు కలిపి రాజుగారి చేతికిచ్చి, బావగారికి మీ చేత్తో ఇవ్వండన్నాడు. ఆయన ఇచ్చారు. అప్పుడు ప్రకాశరావు వియ్యంకుడు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున తమరి దగ్గర తీసుకున్నది కాఫీ డబ్బులు కాదండి, బోణీ. మగపెళ్లివారు లాంచీ ఎక్కిన రోజు తమలాంటివారి చేతి బోణీ దొరుకుతుంటే ఎలా వదులుకుంటామండి. ముందే చెబితే రాజుగారు అడగనివ్వరు. అందుకని చెప్పకుండా అడిగాను. బోణీ చేసినవారి దగ్గరా, వారి వాళ్ల దగ్గరా ఇంక ఈ రోజు డబ్బు ముట్టుకోనండి."

వియ్యంకుడు గారు తెలివైనవారు.

"నేను వచ్చేసరికి ఎండ బాగానే ఎక్కింది కదయ్యా. అప్పటిదాకా ఎవరూ కొనలేదా?" అని, నా వైపు తిరిగారు. "ఏమండీ మేనేజరు గారూ, నిజమేనా?"

సుభద్ర నా పక్కనే, గ్లాసుల పళ్లెం పట్టుకుని ఉంది. నాకు బోణీ ఎవరిదో తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలియదు. ఒక్క మాటతో ప్రకాశరావు అబద్ధం బయటపడుతుంది. ఆ ఒక్క మాటతో, వంటగది నడిపేవాడి భార్య పైకి వెళ్లి కాఫీ కొనుక్కుని తాగిందని కూడా అందరికీ తెలుస్తుంది. ఎదురుగా రాజుగారు ఉన్నారు. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు.

"మా లాంచీ వాళ్లం తాగినవి బోణీ కిందికి రావండి. బయటివారిలో తమరే మొదలు" అన్నాను.

సుభద్ర తల తిప్పి నా వైపు చూసింది.

"అదీ సంగతి" అన్నారు ఆయన. "నా చెయ్యి మంచిదని మా ఊళ్లో విత్తనాల కొట్టతను కూడా అంటాడులెండి. పొద్దున్నే కబురు పెడతాడు." ఆ తర్వాత ఘాటు చేరేదాకా ఆయన చేతి బోణీలతో బాగుపడ్డవాళ్ల గురించే మాట్లాడారు. రాజుగారు ప్రతి దానికీ అవునండి బావగారూ అన్నారు. అందరూ ఆ కాఫీ తాగారు, కొందరు రెండోసారి పోయించుకున్నారు. నా డ్రమ్ము మూత తియ్యకుండానే తిరిగి వచ్చింది.

ఘాటు దగ్గర రాజుగారు చాటుగా ప్రకాశరావు చేతిలో డబ్బు పెట్టారు. వద్దండి అని అతి చేస్తాడేమో, ఒక్క తప్పయినా దొరుకుతుందేమో అని చూశాను. అతను నమస్కారం చేసి తీసుకున్నాడు.

రిక్షాలో ఇంటికి వెళ్తూ సుభద్రను అడిగాను, ఇవాళ బోణీ నీదే కదా అని. అవునంది. ఎప్పట్నుంచి అంటే లాంచీకి వచ్చినప్పుడల్లా అంది. నాకు చెప్పొచ్చు కదా అన్నాను. ఆమె జవాబు చెప్పింది.

"మీరు స్టేషను హోటల్లో చేసేది అచ్చం ఇలాగే ఉండేదండి. మళ్లీ ఇంట్లో చేసిపెట్టమని అడగబుద్ధి కాలేదు. రోజంతా చేసి వస్తారు కదా."

అతనిది నాదానికంటే బాగుందని అని ఉంటే సర్దుకునేవాణ్ణి. నాదే అతని దగ్గర ఉందని చెప్పింది.

ఆ వారంలో రాజుగారు ఓనరు గారికి ఫోను చేశారట. కాఫీని టికెట్టులోంచి తియ్యకండి, కాని ఆ పైనతని చేతే చేయించండి అన్నారట. ఓనరు గారు అలాగే చేశారు. కౌంటరు తీసేశారు. రెండుపూటలా కాఫీ ప్రకాశరావు చేస్తాడు, రేటు మాత్రం నాకిచ్చిన తలసరే అన్నారు. నేను అడిగినట్టే కాఫీ టికెట్టులో నిలిచింది. నా చేతిలోంచి పోయింది. సరే, అయిదు రూపాయలు లేకుండా అతనేం చేస్తాడో చూద్దామనుకున్నాను. నెల తిరిగేలోగా అతనూ చికోరిలోకి దిగుతాడని నా నమ్మకం.

దిగలేదు. అతను గ్లాసు మార్చాడు. నా పెద్ద గ్లాసులు పక్కన పెట్టించి, వాటిలో సగం కూడా పట్టని చిన్నవి తెప్పించాడు. పొడి మంచిదే వాడాడు. పాలు వడ్డించే ముందు కాచాడు, పంచదార విడిగా అడిగి వేశాడు. ఖర్చు నాకైనంతే అయింది. కుర్చీల కింద వదిలేసిన గ్లాసులు కనిపించడం మానేశాయి.

కేటరింగులో కొత్తగా చేరినవాళ్లు అడిగితే నేను చెప్పేవి రెండు. ఒకటి, ధర ముందే చెప్పిన విందులో మళ్లీ ధర చెప్పకూడదు. అది రూపాయైనా సరే, పిలిచినవాడి పరువులోంచి పోతుంది. రెండోది, తక్కువ డబ్బుతో చెయ్యాల్సి వచ్చినప్పుడు కొలత తగ్గించండి, సరుకు తగ్గించకండి. నిండు గ్లాసే మర్యాద అని మనవాళ్లు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. తాగేవాళ్లు నిండు గ్లాసు చెడ్డ కాఫీ కంటే చిన్న గ్లాసు మంచి కాఫీనే గౌరవంగా తీసుకుంటారు. ఈ రెండింటిలో ఏదీ నాకు నేనుగా తట్టలేదు.

ప్రకాశరావు ఇప్పుడు రాజమండ్రిలో కోటగుమ్మం దగ్గర చిన్న కాఫీ కొట్టు నడుపుతున్నాడు. అప్పుడప్పుడు వెళ్తాను. అతని మీద నాకున్న అసూయ తగ్గలేదు, పెద్దవాణ్ణయ్యాక తగ్గుతుందని ఎవరో అన్నది నా విషయంలో నిజం కాలేదు. మాటల్లో సుభద్ర సంగతి వస్తుంది. ఆమె పంచదార సగం చెంచానే వేయించుకునేదని, డికాక్షను కాస్త ఎక్కువ కావాలనేదని అతను చెబుతాడు. ఇంట్లో ఆమె చెంచా నిండా వేసుకునేది, నేను రోజూ చూసేవాణ్ణి. మంచి కాఫీ దొరికినప్పుడు ఎంత వేసుకునేదో అతనికే తెలుసు. అది అతనికి తెలియడం నాకు నచ్చదు. అయినా వెళ్తాను, అడుగుతాను.