చేతులు అశుభ్రం

1953వ సంవత్సరం. మద్రాసు చింతాద్రిపేటలోని ఒక ధర్మాసుపత్రిలో వారానికి మూడు ఉదయాలు పంటివైద్యం చూసేవాణ్ణి. ప్రతి రోగికీ ఒక పేజీ కేటాయించి, చూసింది చూసినట్టు రాసుకోవడం నా పద్ధతి. కనీసం అలా రాస్తున్నాననే నమ్మకంతో ఉండేవాణ్ణి. ఆ రిజిస్టర్లు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. నా తప్పును నాకు పట్టి ఇచ్చింది కూడా అవే.

ఒకనాడు మగ్గాల వీధి నుంచి మునెమ్మ అనే ఆమె ఐదేళ్ళ కూతురు కనకాన్ని తీసుకొచ్చింది. వెంట అత్తగారు. పిల్ల చిగుళ్ళు ఉబ్బి, నొక్కితే చీము కారుతున్నాయి. పాలపళ్ళన్నీ కదులుతున్నాయి. చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలిచే సన్నని కడ్డీని ప్రోబ్ అంటాం. అది ఎక్కడ పెట్టినా లోపలికి దిగిపోయింది. పిల్ల తోసేస్తుంటే దాని రెండు చేతులూ నేనే పట్టుకున్నాను. అరచేతులు పచ్చబారి, బెరడులా గరుకుగా తగిలాయి. నేతవాళ్ళ పిల్ల కదా, నూలుకు పట్టించే గంజి ఎండి అంటుకుని ఉంటుందనుకున్నాను.

"ఏమ్మా, పిల్లకు పళ్ళు తోముతున్నావా?"

"దినామూ నేనే తోముతా సామీ. వేలికి గుడ్డ చుట్టుకోని, పళ్ళపొడేసి."

"తోమితే ఇలా ఉంటుందా? బెల్లం పెట్టి, నోరు కడగకుండా పడుకోబెడుతున్నావు. ఈ పిల్ల నోరు చెడింది తల్లి చేతిలోనే!"

వరండాలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాను. అత్తగారు వెంటనే అందుకుంది. "వింటివా? నేను చెప్తే ముసిల్దానికి నోరెక్కువంటావు. ఇప్పుడు డాక్టరయ్యే చెప్తా ఉండాడు."

నేను పేజీలో ఇలా రాశాను: "పుచ్చు లేదు. చిగుళ్ళ వ్యాధి తీవ్రం. చేతులు అశుభ్రం. కారణం, తల్లి నిర్లక్ష్యం."

బెల్లం వల్ల చెడితే ముందు పంటికి పుచ్చు కనబడాలి. పుచ్చు లేదని నా చేత్తోనే రాసి, బెల్లాన్నీ బెల్లం పెట్టిందని తల్లినీ నిందించాను. పేదల నోట్లో ఏ జబ్బు చూసినా అశుభ్రత అని ఒక్క మాటతో తేల్చెయ్యడం మా వృత్తిలో అందరికీ అలవాటే. ఆ అలవాటు తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఆనాడు ఆ మాట అన్నది ఇంకెవరో కాదు, నేనే.

మూడేళ్ళ తరువాత మునెమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఐదేళ్ళ కొడుకు చెంగయ్యతో. అదే చీము, అవే కదిలే పళ్ళు.

"మళ్ళీ అదే నిర్లక్ష్యమా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. "ఈ బిడ్డ నా చేతిలో ఉంటే గదా సామీ? నువ్వా పొద్దు అట్లా చెప్పినాక, వీడి పళ్ళన్నా నిలబడనీ అని మా అత్త ఎత్తకపోయి ఎన్నూరులో మా ఆడబిడ్డకు ఇచ్చేసినాది. మూడేండ్లుగా ఆడనే తిన్నాడు. ఆమే తోమినాది. అయినా ఊడిపోతా ఉండాయని, నీకు చూపించను అడిగి తెచ్చినా. ఇప్పుడు ఎవురి తప్పని రాస్తావో రాయి."

నేను పాత రిజిస్టరు తీశాను. "చేతులు అశుభ్రం" దగ్గర కన్ను ఆగింది. కుర్రవాడి అరచేతులు తిప్పి చూశాను. అదే పచ్చని బెరడు. పాదాలూ అంతే, పగుళ్ళతో సహా.

"ఎన్నూరులో మీ ఆడబిడ్డ ఇంట్లో మగ్గముందా?"

"ఆడ మగ్గమేడిది? పుట్టిన ఏడాదికే ఇట్లయినాయి సామీ, కనకానికీ అంతే. ఆముదం రాస్తా ఉండా. పంటి డాక్టరుకు కాళ్ళెందుకు చూపించేదని ఊరకుండినా."

పిల్లలిద్దరినీ నాకు తెలిసిన చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అరచేతులు చూసి, నోరు తెరవమనకుండానే, "పళ్ళు ఊడిపోతున్నాయా?" అని అడిగాడు. ఇద్దరు ఫ్రెంచి వైద్యుల పేర్లతో ఉన్న అరుదైన జబ్బు అది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం దిగి, బిడ్డలో కలిసినప్పుడు బయటపడుతుంది. మునెమ్మ భర్త ఆమెకు సొంత మేనమామ కొడుకు, అందుకే ఒకే వంశపు లోపం ఇద్దరిలోనూ ఉంది. ఎంత తోమినా ఆ పళ్ళు నిలిచేవి కావు. తరువాత వచ్చే పళ్ళూ నిలవవు. ఆపే మందు అప్పట్లో లేదు.

ఆ సంగతంతా ఇంగ్లీషులో చక్కగా రాసి, సంతకం చేసి మునెమ్మకు ఇచ్చాను. బాధ్యత తీరిందనుకున్నాను. రెండు రోజులకే ఆమె ఆ కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టింది.

"మా ఇంట్లో దీన్ని చదివేదెవురు? తిట్టినప్పుడు తెలుగులోనే గదా సామీ తిట్టినావు, అందురూ వినేటట్టు. ఇదీ ఆ మాదిరే వొచ్చి చెప్పు."

వెళ్ళాను. వీధివాళ్ళు చుట్టూ మూగి ఉండగా, తప్పు ఈమెది కాదు, నాది అని చెప్పాను. మునెమ్మ అత్తగారు "అయితే బిడ్డను ఎత్తకొచ్చేస్తాం" అంది.

ఆ తరువాత చిగుళ్ళు చెడి వచ్చిన ప్రతివారి చేతులూ పాదాలూ చూశాను. పెద్దవాళ్ళకు మూత్రపరీక్ష చేయించాను. ఇదివరకైతే నిర్లక్ష్యం అని నేను తిట్టి ఉండేవాళ్ళలో కొందరికి మధుమేహం బయటపడింది. నోరు ఒంటిలో భాగమని చదువుకుని పట్టా పుచ్చుకున్నవాడికి అది తెలియడానికి ఒక తల్లి తన బిడ్డకు మూడేళ్ళు దూరం కావలసి వచ్చింది. ఆనాటి నుంచి నా రిజిస్టర్లలో కారణం అనే గడిని తెలిసేదాకా ఖాళీగానే ఉంచాను. పాత పేజీలోని ఆ మాటలను మాత్రం కొట్టివేయలేదు. నేను రాసినవే కనుక ఉండనిచ్చాను.

నెల తరువాత మునెమ్మ కొడుకును చూపించడానికి వచ్చింది. కుర్చీలో కూర్చోబెడుతుంటే వాడు భయపడి ఆమె కొంగు పట్టుకుని, ఎన్నూరులో మేనత్త పిల్లలు ఆమెను పిలిచే పిలుపే పిలిచాడు, "అత్తా" అని. ఆమె సరిదిద్దలేదు. నేను తల ఎత్తలేదు.