తులసమ్మ పిలవని భోజనం

ముసునూరు వైపు ఎవరైనా దూరప్రయాణం పెట్టుకున్నారంటే చుట్టాలందరూ వరసగా భోజనానికి పిలుస్తారు. తినలేనంత వడ్డించి, బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెడితేగాని పంపినట్టు కాదు. విజయలక్ష్మి ఆఫ్రికాలోని మలావికి వెళ్తోందని ఊళ్లో తెలిసిన రోజు నుంచి పాపం ఆమె పొట్టకు విశ్రాంతి లేకుండా పోయింది.

నూజివీడు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆమె. సర్వీసంతా దాదాపు కాన్పుల వార్డులోనే గడిచింది. ఒకప్పుడు తనతో పనిచేసిన డాక్టరమ్మ మలావిలోని ఓ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఇక్కడ కాన్పులు చేసే చేతులు చాలడం లేదు, జీతం ఉండదు, గదీ తిండీ ఇస్తారు, రెండేళ్లు వచ్చి కుర్ర నర్సులకు పని నేర్పుతావా అని అడిగింది. విజయలక్ష్మి ముందు సరేనంది, తర్వాత ఆలోచించడం మొదలుపెట్టింది. మొదటినుంచీ ఆమె వరసే అంత. భర్త నారాయణరావు కొన్నాళ్లు అలిగి, చివరికి తనే సూట్‌కేసు కొనుక్కొచ్చాడు. నూజివీడులో మందుల షాపు నడిపే కొడుకు సందీప్ ఆ సూట్‌కేసులో సగం మాత్రలతోనే నింపేశాడు.

ఆసుపత్రి ఆయా జోజమ్మ పిలిచి కోడికూర పెట్టింది. చాట్రాయి ఆడపడుచు పూర్ణాలు వండి కొసరి కొసరి తినిపించింది. ఎప్పుడూ మాట కలవని చుట్టాలు కూడా మర్యాదకు పిలిచారు. పిలవనిది ఒక్క తులసమ్మే.

తులసమ్మ ఆమెకు తోడికోడలు, బావగారి భార్య. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, ఆ గోడలో తలుపు కూడా లేని చిన్న దారి. తులసమ్మకు పిల్లల్లేరు. విజయలక్ష్మి నైట్ డ్యూటీలు చేసినన్నాళ్లూ సందీప్ ఆ గోడ అవతలే పెరిగాడు. వాడు మొదటిసారి అమ్మా అని పిలిచింది కూడా తులసమ్మనే. ఆ సంగతి తెలిసి విజయలక్ష్మి అప్పట్లో చాటుగా ఏడ్చింది, ఇప్పుడైతే తనే పదిమందికీ చెప్పి నవ్విస్తుంది. బావగారు పోయాక మామిడితోట పని తులసమ్మ మీదే పడింది. విజయలక్ష్మి రిటైరైతే మధ్యాహ్నాలు ఇద్దరం కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పుకోవచ్చని ఆమె ఏళ్ల తరబడి అనుకుంది. రిటైరై ఏడాదైనా తిరక్కుండానే ఈ ప్రయాణం వచ్చిపడింది.

వెళ్తున్నానని చెప్పిన రోజు తులసమ్మ "అలాగా" అని మాత్రం అని, తోటలో రసాలు కోస్తున్న కూలీల దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె మొహం చూశాక విజయలక్ష్మికి మళ్లీ ఆ గోడ దాటడానికి కాళ్లు రాలేదు. అక్క పిలిచి అన్నం పెట్టి పంపకపోతే తాను విమానం ఎక్కేది లేదని, టికెట్టు పోతే పోనిమ్మని భర్తతో తేల్చి చెప్పింది. వెళ్లి అడగొచ్చుగా అన్నాడాయన. అడిగి పెట్టించుకునేది భోజనం ఎలా అవుతుందని ఆయన మీదే విరుచుకుపడింది. పోనీ వదినతో నేను చెప్తానంటే వద్దని ఒట్టు పెట్టించుకుంది. అరవై దాటినా అలకలో ఇంకా చంటిపిల్లే.

రోజూ గోడ అవతల తులసమ్మ కనిపిస్తూనే ఉండేది. క్రేట్లు సర్దిస్తూనో, లారీ డ్రైవరు మీద కేకలేస్తూనో ఉండేది. ఎదురుపడితే వీసా వచ్చిందా, మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగేది. భోజనం మాట మాత్రం ఎత్తేది కాదు.

తెల్లవారితే గన్నవరంలో విమానం ఎక్కాలనగా, ఆ మధ్యాహ్నం విజయలక్ష్మి పొయ్యి కూడా వెలిగించకుండా పిలుపు కోసం కూర్చుంది. ఎండ నడినెత్తి దాటింది. పిలుపు రాలేదు. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఇంక వెళ్లనే వెళ్లనని మొహాన చెప్పి, అక్కను కడిగిపారేసి రావాలని చెప్పులైనా వేసుకోకుండా గోడ దాటింది.

వంటింట్లో తులసమ్మ రెండు కంచాలు ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. మామిడికాయ పప్పు, గుత్తొంకాయ కూర, ములక్కాడ పులుసు మూతల కింద చల్లారిపోయాయి. స్టవ్ పక్కన గిన్నెలో నిన్నటి కూర మిగిలి ఉంది.

"ఇవాళైనా వచ్చావు," అంది తులసమ్మ.

నువ్వు పిలిస్తే కదా రావడానికి అని విజయలక్ష్మి గయ్‌మంది.

"నిన్ను పిలవడమేంటే? ఈ ఇంట్లో ఎప్పుడన్నా పిలిస్తే తిన్నావా? డ్యూటీ దిగి తిన్నగా వచ్చి కంచం తీసుకునేదానివి. రోజూ ఇద్దరికీ వండుకుని కూర్చుంటున్నాను. నువ్వు రావు. ఆ మిగిలింది మర్నాడు నేను తింటున్నాను. ఊళ్లో అందరిళ్లకీ వెళ్లావు, నా ఇంటికి రావడానికి నీకు పిలుపు కావాల్సొచ్చిందా?"

పిలుపు రాలేదని ఈమె, మనిషి రాలేదని ఆమె. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ మొండితనమో నారాయణరావు కూడా తేల్చలేడు. విజయలక్ష్మి పీట లాక్కుని కూర్చుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నేను వెళ్లడం నీకు ఇష్టం లేదు కదక్కా అని మెల్లగా అడిగింది.

తులసమ్మ అన్నం వడ్డించి, పప్పు వేసి, నెయ్యి ఎక్కువే పోసింది.

"ఇష్టం లేదు. నువ్వు లేకపోతే నాకు పొద్దుపోదు. కానీ విజయా, నువ్వు ఇల్లు వదిలి కాన్పులు చేయడానికి వెళ్లబట్టే నా ఒళ్లోకి ఒక పిల్లాడొచ్చాడు. అలాంటిదాన్ని నేను నిన్ను వెళ్లొద్దంటానా? వెళ్లు. మరిదికి అన్నం నేను చూసుకుంటాలే."

విజయలక్ష్మి ఏడుస్తూనే తినడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ అందరిళ్లలోనూ చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టిన మనిషి, ఇక్కడ తనే గిన్నె దగ్గరికి లాక్కుని మారు వడ్డించుకుంది. తులసమ్మ అది చూసి, తన కంచంలోనూ అన్నం పెట్టుకుంది.

"వచ్చాక కూడా పిలవను, చెప్తున్నా," అంది. "దిగి తిన్నగా ఇక్కడికే రా."