పొడి గడిలో తడిసిన దినం

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు పెద్దలు. నాకు మాత్రం సగం తెలుసనుకున్నాను. ఆ సగం తెలివితోనే తొంభైల్లో ఒకనాడు, తార్నాకలో పోయినాయనకు తిండి అందకుండా చేసి, ఉన్నవాళ్లందర్నీ ఆకలితో నానబెట్టాను. నవ్వుకోండి, కాకపోతే మెల్లగా. అది చావు జరిగిన ఇల్లు.

అప్పట్లో నేను టెంట్ హౌస్‌లో పనివాణ్ణి. ఏడో తరగతిలోనే బడీ నేనూ ఒకర్నొకరం మర్యాదగా వదిలేసుకున్నాం. అయితేనేం, కుర్చీలు దించే పని మీద యూనివర్సిటీలో ప్రొఫెసర్ల కంటే ఎక్కువ క్లాసురూములు తిరిగాను. అన్నీ ఖాళీగా ఉన్నప్పుడే అనుకోండి.

ఆ రోజు ఏదో సెమినార్. వాతావరణం మీద పరిశోధన చేసే ప్రసాద్ గారు గోడకు పెద్ద ప్రపంచపటం అంటిస్తున్నారు. పటం నిండా గళ్లు, లోకం మీద చేపల వల విసిరినట్టు.

"ఏంది సార్ గిది?"

"రేపు ఎక్కడెక్కడ వాన పడుతుందో లెక్కయ్యా. ఒక్కో గడికి కంప్యూటర్ ఒక్కో జవాబు చెబుతుంది. ఆ గళ్లు చిన్నవి చెయ్యాలనే మా తాపత్రయమంతా. గడి చిన్నది కావాలంటే కంప్యూటర్ పెద్దది కావాలి. అదే లేదు."

"మరి మన గడిల రేపు వానున్నదా?"

"లేదు, పొడిగానే ఉంది. కాకపోతే..."

ఆ కాకపోతే తరవాత ఆయనేం చెప్పారో నాకు తెలియదు. అప్పటికే నేను సైకిలెక్కాను.

మర్నాడు సత్తెమ్మ పెద్దమ్మ ఇంట్లో దినం. ఆమె మొగుడు మల్లయ్య రైల్వేలో చేసి రిటైరై, పట్టుమని ఏడాదైనా సుఖపడకుండా పోయాడు. ఆమెకు ఒకటే దిగులు, పెట్టిన విస్తరి కాకి ముట్టాలి. మా దిక్కు కాకి ముడితేనే పోయినవాడు తృప్తిగా తిన్నట్టు. అప్పటిదాకా చుట్టాలెవరూ ముద్ద ముట్టరు.

"బిడ్డా, మబ్బు పట్టింది. రేకుల పందిరెయ్యి," అన్నది ముందురోజు సాయంత్రమే.

రేకులు మోస్తే నడుం పోతుంది. బట్ట షామియానా అయితే భుజాన వేసుకుని ఈల వేస్తూ రావచ్చు.

"వాన లేదు పెద్దమ్మా. యూనివర్సిటీల కంప్యూటర్ చెప్పింది."

"దానికేం ఎరుక మన తార్నాక?"

"దునియా మొత్తం ఎరుకనే. పెద్దయ్య పానం పోకడ ఎవ్వరికి తెల్వకపాయె. వాన రాకడన్న తెల్సుకుందాం."

ఇంత మాట ఆ ఇంట్లో అన్నాను చూడండి. ఆమె నా మొహం చూసి, "నీ ఇష్టం" అని లోపలికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం పిట్టగోడ మీద విస్తరి పెట్టారు. అన్నం, మటన్ కూర, పక్కన ఆయన తాగే బీడీలు. సరిగ్గా అప్పుడే మొదలైంది. షామియానా నీళ్లు తాగి తాగి బర్రె పొట్టలా వేలాడింది. నీళ్లు దించుదామని వెదురుబొంగుతో పొడిచాను. బట్ట చిరిగి, ఆ నీళ్లన్నీ అన్నం డేగిసాలో పడ్డాయి. ఇక కాకులంటారా, అవి తెలివిగలవి. కంప్యూటర్‌ను అడక్కుండానే గూళ్లలో ఉండిపోయాయి.

కాకి రాకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. సత్తెమ్మ తమ్ముడు నర్సయ్య విస్తరి ముందు నిలబడ్డాడు.

"బావా, నీ సైకిల్ అమ్మం. ముట్టు."

కాకి లేదు.

"అక్కను మేం చూస్కుంటం బావా."

లేదు. సత్తెమ్మ పెద్దమ్మ తను తడుస్తూ, ఛత్రి విస్తరికి పట్టింది. "ఏం తక్వ చేసిన్నయ్యా నీకు?" అన్నది. ఆకలికి గొణుగుతున్న చుట్టాలు కూడా కాకి కోసం ఆకాశం దిక్కు చూశారు.

నాకు అక్కడ నిలబడే మొహం లేక క్యాంపస్‌కు పరిగెత్తాను. "సార్, ఈ వాన ఎప్పుడాగుతది?"

"మా లెక్కలో అసలు కురవడమే లేదు కదయ్యా, ఆగడమెక్కడిది? కాకపోతే అంటూనే ఉన్నాను, వింటేగా. గడంటే ఇక్కణ్ణుంచి వరంగల్ దాకా. దాంట్లో మీ తార్నాక ఆవగింజ."

"మరి కాకి సంగతేంది సార్?"

"ఏ కాకి?"

తిరిగొచ్చేసరికి నర్సయ్య నా కాలర్ పట్టుకున్నాడు. "నువ్వు మొక్కురా. నీ మాటనే బావకు గుచ్చుకున్నట్టున్నది."

చేతులు జోడించాను. "పెద్దయ్యా, తప్పయింది. ఇగ సచ్చేదాక వానున్నదో లేదో చెప్పే ముచ్చట నోట్లెకెళ్లి రానియ్య. నీ మీద ఒట్టు."

వాన ఆగలేదు. కానీ ఎక్కణ్ణుంచో ఒక తడిసిన కాకి వచ్చి వాలింది. నన్ను ఎగాదిగా చూసి, మటన్ ముక్క పట్టుకుపోయింది.

"తిన్నడు," అని సత్తెమ్మ పెద్దమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. కాసేపటికి నా దిక్కు తిరిగి, "నీ ఒట్టు ఆయన తీస్కున్నడు బిడ్డా. మాట తప్పితే ఇగ నా చేతుల లేదు," అన్నది.

ఇప్పుడు గళ్లు చిన్నవయ్యాయట, మన గల్లీలో పడే వాన కూడా ఫోన్‌లోనే చెబుతున్నారు. నేను చూడను. నిలువునా తడిసి ఇంటికొచ్చినా, "బయట వానా?" అని మా ఆవిడ అడిగితే "నాకు తెల్వదు" అంటాను. దేవుడి మీద ఒట్టయితే కొబ్బరికాయ కొట్టి సర్దుకోవచ్చు. మల్లయ్య మీద ఒట్టు తప్పితే, రేపు నా విస్తరి దిక్కు ఏ కాకీ రాదు.