ఇంటిపేరు మారిన ఆడవాళ్లు

"గడ్డ లేదు, గాయం లేదు. మళ్లీ ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు విజయనగరంలో ఆ స్కానింగ్ డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండానే.

ఆ మాట తాయారు వినడం అది మూడోసారి. మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. రెండోసారి సిగ్గుపడింది. ఈసారి కుర్చీలోంచి లేవలేదు.

"మా అప్పకి కూడా గడ్డ కనపడేదాకా అంతా బాగానే ఉన్నాది బాబూ. కనపడ్డాక వొస్తే, ఇంతాలీసమేటని తిట్టినారు. మరెప్పుడు రావాల?"

డాక్టరు బెల్లు నొక్కాడు. తరవాతి మనిషి లోపలికొచ్చేసింది.

రోగం ముదిరాక చూసే గదులు సందు సందునా ఉన్నాయి. ముదరకముందు చూడమంటే మాత్రం మనిషికి పిచ్చి అంటారు. గజపతినగరం దాటి ఆరు కిలోమీటర్లు లోపలున్న ఊళ్లో తాయారుకి ఆ పేరొచ్చి ఏడాదయింది. ముప్ఫయ్యారేళ్ల మనిషి. పన్నెండుమంది ఆడవాళ్లని వెంటేసుకుని నాట్లకి మడిలో దిగితే వరస వంకర పోనిచ్చేది కాదు. అలాంటిది, కిందటేడు అక్క రాజకుమారి ముప్ఫైతొమ్మిదో ఏట రొమ్ము కేన్సరుతో పోయాక, తడిక చాటున నీళ్లు పోసుకోవడానికి వెళ్లి, చెంబు పక్కన పెట్టి, తనని తాను తడుముకుంటూ నిలబడిపోయేది. మడిలో వంగితే కుడివైపు ఏదో లాగినట్టుండేది. లేచేది. వెనక వరసంతా ఆగిపోయేది.

"నేని రోగాన్ని పేరెట్టి పిలుస్తన్నావేటే?" అని మొగుడు గిరిబాబు కసిరేవాడు. కసురుతూనే స్కానింగుకి బండి తీసేది కూడా అతనే.

దారి చూపించింది ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు శైలజ. విశాఖలో ఒక కేన్సరు ఆసుపత్రిలో, రోగం లేకపోయినా ఇంట్లో ఆ రోగం నడిచిన ఆడవాళ్లని గురువారాలు విడిగా చూస్తారని ఎక్కడో విన్నది. ఫోను మీద ఫోను చేసి ఒక కాగితం తెప్పించింది. దాని నిండా గుండ్రాలు, చదరాలు.

"గుండ్రాలు ఆడోలు, సదరాలు మగోలు. తల్లి వైపూ తండ్రి వైపూ ఎవలికి వొచ్చింది, ఏ వయసులో వొచ్చింది, అంతా రాయాలప్పా. నీకెంత ప్రమాదమో దీన్ని బట్టే తేలుస్తారు. వొచ్చే గురువారానికి నీ పేరు రాయించేసినాను."

చేతిలో ఆరు రోజులు. తల్లి వైపు ఒక పూటలో నిండింది. అమ్మమ్మ, పెద్దమ్మలు, పిన్నమ్మలు అందరూ ముసలితనంతో పోయినవాళ్లో, ఇంకా కర్ర పట్టుకుని తిరుగుతున్నవాళ్లో. తండ్రి జగన్నాధం కళ్లంలో నువ్వుల కట్టలు దులుపుతుంటే వెళ్లి అడిగింది.

"మన ఇంటిపేరులో ఎవలికీ నేదు," అన్నాడాయన. "మీ అప్పకి వొచ్చినప్పుడు ఆ డాక్టరడిగినా ఇదే సెప్పినాను."

గట్టిగా, కాస్త గర్వంగా చెప్పాడు. తాయారు రాయబోయి ఆగింది. తండ్రి చదరం పక్కన రెండు గుండ్రాలు ఖాళీగా ఉన్నాయి. ఒక అక్క, ఒక చెల్లెలు.

"దాలమ్మత్త ఏటయ్యి పోయింది అయ్యా?"

"దాన్ని ఆమదాలవలస అవతల ఇచ్చేసినాం కదే. ఆల ఇంటిపేరు ఏరు. ఆల సంగతి మనకెందుకు?"

"నీ తోడబుట్టినాది కదా?"

జగన్నాధం చేతిలో కట్ట కింద పెట్టాడు. 

"రొమ్ము మీద పుండు నేచింది. నలభై రెండుకే పోయింది. నానెల్లి సూసినాను. గదిలో నిలబడ్నేకపోయినాను."

తాయారు ఆ గుండ్రం పక్కన నలభై రెండు అని రాసింది. డాక్టరు అడిగాడు. ఈయన లేదన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు. ఆయన లెక్కలో, పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల ఇంటిపేరుతోపాటు ఒంట్లో రక్తం కూడా పుట్టింట్లో వదిలేసి వెళ్లిపోతుంది. ఆ ఒక్క మాట వల్లే, తాయారుని కూడా చూపించుకోమని ఎవరూ చెప్పలేదు.

మిగిలింది కళింగపట్నం దగ్గర ఉన్న చిన్న మేనత్త లక్ష్మణమ్మ. మర్నాడే తాయారు రెండు బస్సులు మారి వెళ్లింది. "ఎన్నాల్లకొచ్చినావే ఒలే!" అని లక్ష్మణమ్మ ఒళ్లు నిమిరింది. దాలమ్మ పేరెత్తగానే కోడల్ని టీపొడికి పంపించేసి, తలుపు మూసింది.

"నా గురించి నీకెవులు సెప్పినారే?"

"నీ గురించేటి?"

మాట జారిందని లక్ష్మణమ్మకి తెలిసింది. పైట లోపలికి చెయ్యి పోనిచ్చి, మడతలు పెట్టిన మెత్తటి గుడ్డ ఒకటి బయటికి తీసి మంచమ్మీద పెట్టింది. జాకెట్టు ఎడమవైపు పల్చగా అణిగిపోయింది.

"పదకొండేల్లయింది. పుట్టింటికి గర్బసంచి ఆపరేసనని సెప్పినాం."

 తాయారు అరిచేసింది.

"మా అప్ప మంచం పక్కన పూటంతా కూకున్నావు కదత్తా! అప్పుడైనా నోరు రానేదా?"

"నోటిదాకా వొచ్చింది. మీ అయ్య ముకం సూసి మింగేసినాను. నా గుంటలకి సమ్మందాలు రావని బయం."

"గుంటల పెల్లిల్లయిపోనాయి. ఇంకా ఎవలికోసం దాస్తన్నావు?"

లక్ష్మణమ్మ ట్రంకుపెట్టె తెరిచి, చీరల అడుగునుంచి ఆసుపత్రి ఫైలు తీసింది. తాయారు చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"నానే అట్టుకొస్తాను. మీ అయ్యని తీసుకురా. నా పక్కన కూకోవాల."

గురువారం పదకొండయింది. విశాఖ ఆసుపత్రి బల్ల మీద తండ్రీ కూతుళ్ల మధ్య ఒక మనిషి చోటు ఖాళీగా ఉంది. తాయారు నంబరు పద్నాలుగు. లోపలికి పన్నెండో మనిషి వెళ్లింది. లక్ష్మణమ్మ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

"అది రాదు," అన్నాడు జగన్నాధం.

"నువ్వుండు అయ్యా."

పదమూడు పిలిచారు. తాయారు గుమ్మం దాకా వెళ్లి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఫైలు లేకపోతే లోపల ఏం చెప్పాలి? మా అత్త జాకెట్టులో గుడ్డ చూశానని చెప్పాలా?

పద్నాలుగు అని పిలిచేసరికి, తువ్వాలులో చుట్టిన ఫైలు గుండెకి ఆనించుకుని, మెట్లమీద రొప్పుతూ లక్ష్మణమ్మ కనపడింది. "బస్సు టైరు పేలిపోనాది. ఆ సప్పుడులో ఫోను ఇనపడితే కదా!"

డాక్టరు అనూరాధ కాగితాన్ని చాలాసేపు చూసింది. పెన్సిలు తీసి జగన్నాధం వైపు తిరిగింది.

"మీ వైపు ఎవరికైనా వచ్చిందా అండీ?"

"మా ఇంటిపేరులో..." అని మొదలుపెట్టాడాయన. పక్కన లక్ష్మణమ్మ ఫైలు ముడి విప్పుతోంది. ఆయన అటు చూశాడు. అట్ట మీద కేన్సరు వార్డు ముద్ర ఉంది. ఏ ఫైలని అడగలేదు.

"ముగ్గురికమ్మా," అన్నాడు. "మా అప్పకి, ఈ సెల్లికి, నా పెద్దకూతురికి. ముగ్గురూ మా ఇంటోలే."

డాక్టరు మూడు గుండ్రాలు నల్లగా దిద్దింది. అప్పుడు తాయారుని చూసింది.

"మిమ్మల్ని మూడుసార్లు వెనక్కి పంపకుండా ఉండాల్సింది. ఇకనుంచి ఆరు నెలలకోసారి నేనే చూస్తాను. మామూలు స్కానింగు సరిపోదు, ఎమ్మారై తీద్దాం. ముందు మీ మేనత్తగారి రక్తం పరీక్షకి పంపాలి. ఈ రోగాన్ని తెచ్చే లోపం అందులో దొరికితే, మీలో ఉందో లేదో వెతకొచ్చు."

"ఉంటే?"

"ఉంటే ఏం చెయ్యాలో కూర్చుని మాట్లాడుకుందాం. చెయ్యడానికి చాలా ఉంది."

"జాకెట్టు ఇప్పాలేటమ్మా?" అని లక్ష్మణమ్మ నెమ్మదిగా అడిగింది.

"రక్తానికి చెయ్యి చాలండీ."

లక్ష్మణమ్మ ముడతల చెయ్యి బల్లమీద చాపింది. డాక్టరు పెన్సిలు మాత్రం ఇంకా కాగితం మీదే ఉంది, దాలమ్మ గుండ్రం కింద.

"ఈవిడకి కూతుళ్లున్నారా?"

 తాయారు తండ్రికేసి చూసింది. ఆయన అప్పటికే జేబులోంచి ఫోను తీస్తున్నాడు.

"ఇద్దరమ్మా. ఒకర్తి సీపురుపల్లిలో ఉన్నాది. రెండోదాన్ని ఎక్కడిచ్చినారో కనుక్కుంటాను."