కత్తక్క పిల్లులు

చేపల మార్కెట్టులో ఆమెను అందరూ కత్తక్క అనేవారు. పెళ్ళయిన మరుసటి ఏడాది కత్తి పట్టింది. పద్దెనిమిదేళ్ళుగా ఐసు పెట్టెల పక్క మూలలో, అదే చెక్కదిమ్మ ముందు నిలబడి చేపలు కోస్తోంది. మిగతావాళ్ళు ముక్కల్ని నిలువుగా కోస్తే ఆమె కత్తిని కాస్త వాల్చి ఏటవాలుగా కోసేది. ఎవరింట్లోనైనా గిన్నె మూత తీస్తే చాలు, అది కత్తక్క కోసిన చేపో కాదో చెప్పేయవచ్చు.

మధ్యాహ్నం బేరాలు తగ్గాక ఆమె కత్తి వెనకవైపుతో దిమ్మ మీద మూడుసార్లు కొట్టేది. ఐసు పెట్టెల సందుల్లోంచి, రేకుల కప్పు మీంచి పిల్లులు దిగివచ్చేవి. మొదట్లో నాలుగు. ఇప్పుడు ముప్ఫై పైచిలుకు. సగంతోక, బొగ్గు, ముసలిపెద్దమనిషి, దొరసాని, ఇలా అన్నింటికీ పేర్లు పెట్టింది ఆమే. దొరసాని బూడిదరంగు ఆడపిల్లి. మిగతావన్నీ తోసుకుంటూ తింటుంటే అది దూరంగా కూర్చుని, తన వాటా తన ముందుకు వచ్చేదాకా మీసం కూడా కదిలించేది కాదు. ఇంట్లో కత్తక్క మాటకు పెద్ద విలువ లేదు. మార్కెట్టులో మాత్రం మూడు దెబ్బలకు ముప్ఫై ప్రాణాలు కదిలేవి.

నాలుగేళ్ళ క్రితం మరిదికి పెళ్ళయింది. వచ్చిన తోడికోడలు పశువుల ఆస్పత్రిలో డాక్టరుకు సహాయకురాలు. నెమ్మదస్తురాలు. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. కింద పెద్దవాళ్ళు, పైన చిన్నవాళ్ళు, వంటగది ఒకటే. మొదటి నెలలోనే అత్తగారు తన మందుచీటీలు చిన్నకోడలి చేతికిచ్చింది. రెండో నెలలో బీరువా తాళాలు. పదిహేనేళ్ళుగా కత్తక్క చేతికి రాని తాళాలవి. ఆ పూట ఆమె వండిన కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

పోనీ, మార్కెట్టు నాది, పిల్లులు నావి అనుకుని సరిపెట్టుకుంది.

ఆ ఏడు వేసవిలో దుకాణాలవాళ్ళు ఫిర్యాదు చేశారు. మగపిల్లుల కొట్లాటలు, గోడలంతా కంపు, చేపల బుట్టల్లోనే ఈనుతున్న తల్లిపిల్లులు. పిల్లులన్నింటినీ సంచుల్లో వేయించి ఊరి బయట వదిలేయిస్తానన్నాడు మార్కెట్టు మేనేజరు. కత్తక్క చేతిలో కత్తి దించకుండానే అతనితో అరగంట వాదించింది.

"నా పిల్లుల మీద చెయ్యేస్తే ఊరుకోను."

"నీవైతే నీ ఇంటికి తీసుకుపో" అన్నాడతను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మర్నాడు తోడికోడలు ఆస్పత్రికి వెళ్తూ దారిలో ఆగి, మేనేజరు గదిలోకి వెళ్ళింది. "వీటిని తీసుకెళ్ళి వదిలేస్తే చేపల వాసనకి నెల తిరక్కుండా ఇంకో గుంపు వస్తుంది సార్. ఉన్నవాటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మళ్ళీ ఇక్కడే వదిలేద్దాం. అరుపులూ కొట్లాటలూ తగ్గుతాయి, కొత్తవి అంత తేలిగ్గా చొరబడవు. ఆపరేషన్ అయినట్టు గుర్తుకి చెవి కొన కాస్త కత్తిరిస్తాం. మా డాక్టరుగారు శనివారాలు చేసిపెడతామన్నారు."

"ఇలా అర్థమయ్యేటట్టు చెప్పాలమ్మా" అన్నాడు మేనేజరు, కిటికీలోంచి కత్తక్క వైపు చూస్తూ. రెండు నెలలు గడువిచ్చాడు.

పిల్లులు బతికినందుకు కత్తక్క సంతోషించాల్సింది. సంతోషం రాలేదు. తన అరగంట అరుపుకు నవ్వినవాళ్ళే ఆ మెత్తని ఐదు నిమిషాలకు కుర్చీ తెచ్చి వేశారు. వారం తిరిగేసరికి తోడికోడలికి 'పిల్లుల డాక్టరమ్మ' అని పేరు కూడా వచ్చింది. "మా చిన్నది ముట్టుకుంటే పులైనా ఒళ్ళో పడుకుంటుంది" అని అత్తగారు పొరుగామెతో చెబుతుంటే కత్తక్క గిన్నెలు అవసరమైనదానికంటే గట్టిగా తోమింది. ఇన్నేళ్ళు వాటిని మేపిందెవరని ఆ ఇంట్లో ఒక్కరికీ అడగాలనిపించలేదు.

శుక్రవారం సాయంత్రం తోడికోడలు వంటగదిలోకి వచ్చింది. "అక్కా, రేపు పొద్దున బోన్లు పెడతాం. అప్పటిదాకా వాటికేమీ పెట్టకు. ఆకలి మీదుంటేనే బోన్లోకి వస్తాయి. మత్తివ్వాలంటే కడుపు కూడా ఖాళీగా ఉండాలి."

"వాటి సంగతి నువ్వు నాకు చెప్పాలా" అంది కత్తక్క.

తెల్లవారుతుండగానే మార్కెట్టుకు వెళ్ళి, ఐసు పెట్టెల వెనక పెద్ద పళ్ళెం నిండా చేపముక్కలు పెట్టింది. ఎనిమిదింటికి తోడికోడలు ఆరు బోన్లు వరుసగా సర్ది, గుడ్డలు కప్పి, పక్కన నక్కి కూర్చుంది. పిల్లులు మూతులు నాకుకుంటూ బోన్ల ముందునుంచే షికారు పోయాయి. ఒక్కటీ లోపల కాలు పెట్టలేదు.

"ఏంటి డాక్టరమ్మా, మీ మొహం నచ్చలేదా వాటికి" అన్నాడు ఐసు అమ్మే ఆయన. నవ్వు కనబడకుండా కత్తక్క తల వంచుకుంది. ఆ పూట ఆమె కత్తికి చేపలు వెన్నలా తెగాయి.

రెండో శనివారమూ అంతే చేసింది. అయితే ఆ రోజు పదింటికి, తన వాటా కడుపారా తిన్న దొరసాని, ఏం తోచిందో, నింపాదిగా నడిచివెళ్ళి బోన్లో కూర్చుంది. పల్లకీ ఎక్కినంత దర్జాగా కూర్చుంది. తలుపు పడింది. తోడికోడలి ముఖం వెలిగిపోయింది.

అది తినేసిందన్న మాట కత్తక్క నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే మేనేజరు ఉన్నాడు, ఐసాయన ఉన్నాడు. మాట మింగేసింది. బోను ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం తోడికోడలు కళ్ళు ఉబ్బి ఇంటికొచ్చింది. "కడుపు నిండా తిని ఉంది, మత్తులో ఉండగా వాంతి చేసుకుంది. ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఉంటుందో పోతుందో రేపటిగ్గానీ తెలీదు."

"మేపినవాళ్ళ చేతులు పడిపోను" అంది అత్తగారు.

"తెలియక పెట్టుంటారు అత్తయ్యా" అంది తోడికోడలు. కంచంలో ఏటవాలు ముక్క ఉంది. దాన్ని వేలితో పక్కకు జరిపి, ఉత్త అన్నం తిని లేచింది.

కత్తక్కకు అర్థమైంది. తనేనని తెలిసీ తోడికోడలు చెప్పలేదు. తిట్టి ఉంటే నాలుగు మాటలు తిరిగి తిట్టి తేలికపడేది. ఊరుకోవడమే ఎక్కువ మండించింది. మంచితనంలో కూడా నాకంటే మెట్టు పైనే కూర్చుంది అనుకుంది. అనుకుంటూనే ఆ దిగమింగిన మాటను తలచుకుని మంచం మీద అటూ ఇటూ పొర్లింది.

ఆదివారం మార్కెట్టు కిటకిటలాడే రోజు. కత్తక్క దిమ్మ వదిలేసి మొదటిసారి పశువుల ఆస్పత్రికి వెళ్ళింది. తోడికోడలు అప్పటికే అక్కడుంది. తువ్వాలులో చుట్టిన దొరసాని పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నేనే పెట్టాను" అంది కత్తక్క.

"తెలుసక్కా. బయటికొచ్చిన ముక్క చూశాను."

"మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

తోడికోడలు పిల్లి చెవి వెనక నిమిరింది. "చెబితే అందరూ నిన్నంటారు. నువ్వు కోపంతో తప్పుకుంటావు. నువ్వు లేకపోతే నా బోన్లోకి ఒక్కటీ రాదు." ఆగి, గొంతు ఇంకా తగ్గించి అంది. "నాకూ మండిందక్కా. రోజంతా వీటికి చాకిరీ చేసేది నేను. నన్ను చూస్తే బల్ల కింద దూరతాయి. నువ్వు చెక్క మీద కొడితే ముప్ఫై పరిగెత్తుకొస్తాయి. మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు."

తనను చూసి ఒకరు కుళ్ళుకుంటారని కత్తక్క ఏనాడూ అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన చోట, చావుబతుకుల్లో ఉన్న పిల్లి పక్కన, ఆ మాట ఆమెకు తియ్యగా తగిలింది. అలా తగిలినందుకు మళ్ళీ సిగ్గుపడింది.

మూడోరోజుకు దొరసాని కాస్త పాలు తాగింది. పదోరోజుకు, చెవి మానాక, మార్కెట్టుకు తిరిగొచ్చింది.

మిగిలిన శనివారాలు కత్తక్క ముందురోజు పళ్ళెం కడిగి బోర్లించేది. పొద్దున బోను పక్కనే దిమ్మ వేసుకుని మూడుసార్లు కొట్టేది. పిల్లులు ఆమెను నమ్మి, ఒకదాని వెనక ఒకటి లోపలికి నడిచేవి. తలుపు పడగానే వెనక్కి తిరిగి ఆమె వైపు చూసేవి. ఆ చూపుకు ఆమె ముఖం తిప్పుకునేది. గడువులోపల ఇరవై ఎనిమిదింటికి ఆపరేషన్లయ్యాయి. తిరిగొచ్చాక చాలావరకు వారం అలిగి మళ్ళీ పళ్ళెం దగ్గరికి చేరాయి. సగంతోక మాత్రం చేరలేదు. ఐసాయన సంచి మీద కాపురం పెట్టింది. ఆయన దాన్ని గోకుతుంటే కత్తక్క చేపల తలలు ఒకటికి రెండు దెబ్బలు వేసి నరికేది.

పత్రికలో ఫొటో వచ్చింది. బోనుతో తోడికోడలు నవ్వుతోంది. పక్కన కత్తక్క మోచెయ్యి మాత్రమే పడింది. అత్తగారు ఆ ఫొటోను కత్తిరించి గోడకంటించబోతే తోడికోడలు, "పట్టింది అక్క, నేను మోశానంతే" అంది. "అదీ మా చిన్నదాని సంస్కారం" అంది అత్తగారు. కత్తక్క నవ్వాలో ఏడవాలో తెలియక పొయ్యి మీద గిన్నె చూడ్డానికి వెళ్ళింది.

మరుసటి వేసవికి చేపల బుట్టల్లో ఒక్క పిల్లా పుట్టలేదు. ఏటా కాగితంలో చుట్టి పాతిపెట్టే చచ్చిన పిల్లికూనలు ఈసారి లేవన్నది కత్తక్కకు ముందు తట్టలేదు, తర్వాత ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తెలిసింది. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా కాస్త ముందే ఇంటికి వెళ్ళి, తోడికోడలి ఆస్పత్రి కోట్లు కూడా కలిపి ఉతికింది.

ఇప్పుడు ఇద్దరూ బస్సు స్టాండు వెనక పిల్లుల పని ఎత్తుకున్నారు. అవి ఇద్దరి మాటా వినవు. ఒకే మెట్టు మీద, ఎవరి బోన్ల మీద వాళ్ళు కన్నేసి, గంటల తరబడి కూర్చుంటారు. ఎవరి బోన్లో ఎన్ని పడ్డాయన్నది ఇద్దరికీ పట్టింపే, పైకి మాత్రం ఒప్పుకోరు. పోయిన శనివారం చిన్నామెకు నాలుగు, కత్తక్కకు మూడు పడ్డాయి. ఇల్లు చేరేదాకా కత్తక్క నోరు విప్పలేదు.